ఆటలో తలకు తగిలిన దెబ్బ

గుడియాత్తంలో సాయంకాలం బడి వదిలాక కబడ్డీ ఆడే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. కూతకు వెళ్ళిన కుర్రవాణ్ణి నలుగురు పట్టి పడేస్తే తల నేలకు కొట్టుకుంటుంది. వాడు దుమ్ము దులుపుకుని మళ్ళీ ఆటలో దిగుతాడు. చూసేవాళ్ళు మొనగాడంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పుర్రె లోపల మెదడు ద్రవంలో ఉంటుంది. తల ఒక్కసారిగా అదిరితే మెదడు కణాల పని కొంతకాలం తారుమారవుతుంది. దీన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పి తీరాలని లేదు. రక్తం రాదు. స్కాన్‌లో కూడా సాధారణంగా ఏమీ కనిపించదు. అందుకే ఇంట్లోవాళ్ళు నమ్మరు.

పదో తరగతి పిల్లవాడి సంగతే తీసుకోండి. పుస్తకం తెరిస్తే తలనొప్పి, వెలుతురు గిట్టదు, నిద్ర పట్టదు, చీటికీ మాటికీ తల్లి మీద విసుక్కుంటాడు. పబ్లిక్ పరీక్షలకు భయపడి నాటకాలాడుతున్నాడని తండ్రి అంటాడు. దిష్టి తగిలిందని అవ్వ మిరపకాయలు తిప్పేస్తుంది. ఆట పోయింది, స్నేహితులు దూరమయ్యారు, మార్కులు తగ్గాయి. చెప్పినా నమ్మేవారు లేరు. దెబ్బతో వచ్చిన చిరాకు మెల్లగా దిగులుగా మారడానికి ఇంతకన్నా ఏం కావాలి? ముందునుంచే బెంగ పడే స్వభావమున్న పిల్లలు కోలుకోవడానికి మరికొంత కాలం పడుతుంది.

అనుమానం వస్తే ఆ రోజు ఇక ఆడించకండి. మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణానికే ప్రమాదం కావచ్చు. అంతర్జాతీయ క్రికెట్‌లో 2019 నుంచి ఇలాంటి ఆటగాడి బదులు మరొకరిని దించుతున్నారు. మన బడి మైదానంలో ఆ పాటి నియమం పెట్టుకోవడానికి ఐసీసీ అనుమతి అక్కర్లేదు కదా!

ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు. వారాల తరబడి చీకటిగదిలో పడుకోబెట్టే పాత పద్ధతిని వైద్యులు ఇప్పుడు వద్దంటున్నారు. కొంచెం నడక, కొంచెం చదువు; ముందు బడి, తర్వాతే ఆట. ఎక్కువమంది పిల్లలు నెలలోపు కోలుకుంటారు. కాని పదే పదే వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, లేపినా లేవని మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకండి.

దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో డాక్టర్ జేకబ్ చాండీ మన వేలూరు సి.ఎం.సి.లోనే ప్రారంభించారు. దిగులు వదలకపోతే 2022లో మొదలైన టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఎవరితో మాట్లాడినా, పిల్లవాడి కోపం సంగతి కంటే ముందు తలకు దెబ్బ తగిలిన సంగతి చెప్పండి.