ఏరు దాటిన తరువాత తెప్ప



"ఏరు దాటి తెప్ప తగలేసినట్లు" అనే సామెతను మేలు మరచినవారిని నిందించడానికి మన పెద్దలు వాడతారు. ఇది ఏటి ఒడ్డు బ్రతుకులోనుండి పుట్టిన మాట. వంతెనలు లేని చోట పల్లెజనం దుంగలను, వెదురు బొంగులను తాళ్లతో కట్టి ఏరు దాటేవారు. దాటినవాడు తెప్పను కాల్చివేస్తే వెనుక వచ్చేవారికి దారి ఉండదు. తిరిగి రావలసి వస్తే తనకూ ఉండదు. కనుక ఈ సామెత కృతఘ్నతను మాత్రమే గాక ముందుచూపు లేమిని కూడా హెచ్చరిస్తున్నది.

తథాగతుడు కూడా తెప్పను ఉపమానంగా చెప్పాడు. మజ్ఝిమ నికాయంలో 22వదైన అలగద్దూపమ సుత్తంలో ఒక బాటసారి గడ్డి, పుల్లలు, కొమ్మలు పోగుచేసి తెప్ప కట్టి ఆవలి ఒడ్డు చేరతాడు. ఇంత మేలు చేసినది గదా అని దానిని నెత్తిన మోయడం తగునా అని బుద్ధుడు భిక్షువులను అడిగాడు. తగదు, గట్టుకు లాగి ఉంచవచ్చు, నీట వదలిపోవచ్చు. ధర్మం సైతం దాటడానికే గాని పట్టుకొని వేలాడడానికి కాదని దాని సారం. సామెత కాల్చవద్దన్నది, సుత్తం మోయవద్దన్నది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు.

బాబాసాహెబ్ జీవితమే ఇందుకు సాక్ష్యం. 1913లో బరోడా సంస్థానపు విద్యార్థి వేతనంతో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1917లో అదే బరోడాలో కొలువుకు చేరితే అంటరానితనం వల్ల నిలువ నీడ దొరకలేదు. అయినా తనను దాటించిన చదువును తన ఒక్కరిదిగా ఉంచుకోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి వెనుక వచ్చేవారి కోసం తెప్పను ఒడ్డున నిలిపారు.

ఇక తాపీ నది ఒడ్డున ఉన్న మన సంగతి. తెలంగాణ పల్లెల్లో మగ్గం కూడు పెట్టక, సాగు కలిసిరాక మనవారు ఈ సూరత్ మరమగ్గాలను వెదుక్కుంటూ వచ్చారు. ముందు వచ్చినవారి గదిలోనే వెనుక వచ్చినవారు తలదాచుకొన్నారు. నేడు కాస్త నిలదొక్కుకొని, కొత్తగా వచ్చిన కార్మికుని చూసి ముఖం తిప్పుకొంటే అది తెప్పను తగలేయడమే.

మరి కులం? అది పెద్దలిచ్చిన తెప్ప, ఎలా వదలగలమని కొందరు అంటారు. కులం తెప్ప కాదు, మనం దాటవలసిన వరదే అది. 1956 అక్టోబరు 14న నాగపూరులో దీక్ష జరిగినది ఆ వరదను దాటడానికే. అయినా మా ఇంటి పెళ్లి మాటల్లో "మీరేమిట్లు?" అన్న ప్రశ్న వచ్చినప్పుడు మేము మౌనం వహించాము. పదిమందికి చరిత్ర బోధించే మాకు ఆ మౌనం నేటికీ బరువుగానే ఉన్నది. మీ ఇంట ఆ ప్రశ్న వచ్చిన నాడు మీరు మౌనంగా ఉండవద్దని కోరుతున్నాము.

తెప్పను కాల్చవద్దు, నెత్తిన మోయవద్దు. గట్టుకు లాగి కట్టి ఉంచుదాము; ఆవలి ఒడ్డున ఇంకా మనవారు ఉన్నారు.

భవతు సబ్బ మంగళం.