గేదె పాలు ఎగజేపిన సంగతి – అడ్రినల్ గ్రంథుల కథ

(నరసాపురంలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, పశువైద్యులమూ కాము. సహకార శిక్షణలో డిప్లొమా పుచ్చుకుని, ముప్పై ఏళ్లుగా సంఘాల లెక్కలు తిరగేస్తున్నవాళ్లం. అయినా ఈవేళ శరీరంలోని ఒక చిన్న గ్రంథిని గురించి మాట్లాడదలిచాం. మాకు వచ్చిన ఒక అర్జీయే దానికి కారణం.

ఇక్కడికి దగ్గరలోని ఒక సంఘంలో ఒక సభ్యురాలు పూటకు నాలుగు లీటర్లు పోసేది. భర్త కువైట్ వెళ్లాడు. నెల తిరక్కుండా పాలు రెండు లీటర్లకు దిగిపోయాయి, వెన్న శాతం కూడా తగ్గింది. కొలతలోనూ టెస్టులోనూ మోసం జరుగుతోందని ఆవిడ అర్జీ పెట్టింది. మేము వెళ్లి కొలపాత్రలు చూశాం, టెస్టు దగ్గరుండి చేయించాం, పుస్తకం సరిచూశాం. తప్పు దొరకలేదు. మర్నాడు తెల్లవారుజామున వాళ్ల పశువుల పాక దగ్గరికే వెళ్లి నిలబడ్డాం. కొత్తగా పెట్టుకున్న పాలేరు వస్తూనే గేదె వీపు మీద కర్రతో ఒకటి వేశాడు. పక్కన కుక్క మొరుగుతోంది. దూడను అలా వదిలి ఇలా లాగేశాడు. గేదె బిగుసుకుని నిలబడిపోయింది. ఎంత పిండినా గ్లాసెడు పడలేదు. పాలు ఎగజేపిందన్నమాట.

చేపడం అంటే ఏమిటో మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. దాని లోపలి సంగతి మాత్రం ఇది. దూడ కుడిచినా, చేత్తో పొదుగు కడిగినా ఆ కబురు నరాల ద్వారా మెదడుకు పోతుంది. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది పొదుగును చేరి, పాల తిత్తుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలను బిగిస్తుంది. అప్పుడు పాలు కిందికి దిగుతాయి. ఆవు పొదుగులో కొన్ని పాలు ముందుగానే అడుగు గదిలో నిలవ ఉంటాయి. గేదెకు నూటికి 95 వంతులు పైతిత్తులలోనే ఉంటాయి కాబట్టి, చేపకపోతే గేదె దగ్గర పాలు లేనట్టే. పైగా వెన్న ఎక్కువగా ఉండేది చివరి ధారల్లో. అవి పొదుగులోనే ఉండిపోతే టెస్టులో శాతం పడిపోదా మరి?

దీనికి అడ్డం వచ్చేదే అడ్రినల్ గ్రంథి. మన పుస్తకాల్లో అధివృక్క గ్రంథి అంటారు. మనిషికి రెండు మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండుంటాయి, ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించదు. పశువులకూ మూత్రపిండాల దగ్గరే ఉంటాయి. లోపలి దవ్వ భయం వేసినప్పుడు అడ్రినలిన్‌ను రక్తంలోకి చిమ్ముతుంది. 1901లో జపాను శాస్త్రజ్ఞుడు తకమినె దీన్ని శుద్ధిచేసి ప్రకటించాడు. గుండె వడిగా కొట్టుకోవడం, కాలేయంలో దాచిన చక్కెర రక్తంలోకి రావడం దీని పనే. పారిపోవడానికో, ఎదురు తిరగడానికో శరీరాన్ని సిద్ధం చేస్తుంది. (అప్పుడు కండరాలు ఖర్చుపెట్టే ఎ.టి.పి. అనే శక్తి పదార్థాన్ని 1929లో కనుగొన్నవారిలో ఒకరు మన పక్క భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.) ప్రాణం మీదికి వచ్చినప్పుడు పాలివ్వడం శరీరానికి ముఖ్యం కాదు. అడ్రినలిన్ పొదుగుకు పోయే రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. ఆక్సిటోసిన్ చేరదు, చేరిన కాస్తా పనిచేయదు.

ఆవిడ పాలేరును మాన్పించి తానే పిండడం మొదలుపెట్టింది. పది పన్నెండు రోజులకు మూడున్నర లీటర్లకు వచ్చింది. పాలు దించడానికి సూది వేయమని ఎవరో సలహా ఇచ్చారట, మేము వద్దన్నాం. పశువుకు హాని చేసే అలాంటి సూదులను 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నిషేధించింది. అది అలా ఉంచి, దెబ్బలు తినే గేదెకు సూది కూడా పొడిస్తే భయం తగ్గుతుందా?

ఈ గ్రంథి పైపొరను వల్కలం అంటారు. ఇందులో పుట్టే ఆల్డోస్టిరోన్ ఒంట్లో ఉప్పును నిలుపుతుంది. కార్టిజోల్ చక్కెరనూ రక్తపోటునూ కాపాడుతూ, జబ్బు చేసినప్పుడు తట్టుకునే శక్తినిస్తుంది. ఈనే ముహూర్తం పెట్టేది కూడా కడుపులో దూడే. నెలలు నిండాక దాని అడ్రినల్ గ్రంథి కార్టిజోల్‌ను పెంచితేనే తల్లికి నొప్పులు మొదలవుతాయి. అందుకే నిండు చూడి గేదెకు అదే జాతి మందు, అంటే స్టిరాయిడ్ సూది పడితే ముందే ఈనేసే ప్రమాదముంది. డాక్టరుగారు అడగకపోయినా చూడి ఎన్నో నెలో చెప్పండి. సూది వేశాక ఎన్ని రోజులు పాలు సంఘానికి పోయకూడదో కూడా అడగండి.

ఇక మనుషుల సంగతి. 1855లో లండన్ డాక్టరు అడిసన్ ఈ గ్రంథులు చెడిపోతే వచ్చే జబ్బును వర్ణించాడు. నీరసం, బరువు తగ్గడం, ఒళ్లూ చిగుళ్లూ నల్లబడటం దాని గుర్తులు. క్షయ సోకి గ్రంథులు చెడటం దీనికి మన దేశంలో ఒక ముఖ్య కారణం. 1948లో అమెరికాలో కీళ్లవాతం రోగికి మొదటిసారి కార్టిజోన్ ఇస్తే, మంచం దిగలేనివాళ్లు నడిచారు. 1950లో ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చింది. గొప్ప మందే, కాదనం. ఆక్సిజన్ పెట్టిన కోవిడ్ రోగులను 2020లో బతికించిన డెక్సామెథసోన్ ఈ జాతిదే. 2021లో చక్కెర హద్దు మీరినవాళ్లకు నల్ల ఫంగస్ రావడంలో చెయ్యి ఉన్నదీ ఈ జాతి మందులకే.

మా అక్కగారు మోకాళ్ల నొప్పులకు కాగితం పొట్లంలో పేరులేని బిళ్లలు ఏడాదిన్నర మింగింది. నొప్పి మాయమైంది. ముఖం చంద్రబింబంలా గుండ్రమైంది. ఒళ్లు చేసిందని అందరం సంతోషించాం, అందులో మేమూ ఉన్నాం. హైదరాబాదులో కూతురింటికి వెళ్తూ పొట్లం మరిచిపోయింది. నాలుగో రోజున వాంతులు, జ్వరం, బి.పి. పడిపోయి స్పృహ తప్పింది. ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది, ఇంతకాలం ఏ బిళ్లలు వాడారని. మా దగ్గర జవాబు లేదు.

పిండని పొదుగు ఎండిపోతుంది కదా, బయటి నుంచి స్టిరాయిడ్ రోజూ వచ్చిపడుతుంటే సొంత గ్రంథి అలాగే పని మానేస్తుంది. బిళ్ల హఠాత్తుగా ఆగితే లోపల ఆదుకునేది ఉండదు. మళ్లీ లేవడానికి దానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి పేరు తెలియని బిళ్ల మొదలుపెట్టవద్దు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈ మాట విని రేపే మానేయవద్దు, అది ఇంకా ప్రమాదం. పొట్లం పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు. ఉబ్బసానికో కీళ్లవాతానికో డాక్టరు రాసిచ్చి వాడుతున్నవాళ్లూ సొంతంగా ఆపకూడదు.

మా అక్కగారు బతికింది. ఇప్పుడు పొద్దున్నే ఒక చిన్న బిళ్ల, డాక్టరు రాసిందే, వేసుకుంటోంది. దాని పేరు రాసిన చీటీ ఎక్కడికి వెళ్లినా కొంగున ముడివేసుకుని తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులు మాత్రం మళ్లీ వచ్చాయి.

వెన్న టెస్టు గురించి మీరడిగిన ప్రశ్నలకు కార్యదర్శిగారు జవాబు చెబుతారు. సెలవు.