ఆమ్లజనిలో ఆమ్లమెక్కడ?

  

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకు ఆమ్లజని, ఉదజని, నత్రజని గుర్తుండే ఉంటాయి. ఆమ్లజని, అంటే ఆక్సిజన్, మీద ఒక ఫిర్యాదు తరచూ వింటుంటాను: మనం పీల్చే గాలికి ఆ పుల్లటి పేరేమిటి, మన పండితులకు రసాయనశాస్త్రం రాదా అని. పండితుల తప్పు కాదండీ, ఆ పొరపాటు పారిస్‌లో జరిగింది. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువే ఉంటుందని అక్కడి రసాయనవేత్త లవోజియే నమ్మాడు. గ్రీకులో పులుపును చెప్పే ‘ఆక్సిస్’కు, పుట్టించేదనే అర్థంలో ‘జెన్’ చేర్చాడు. 1787లో ఆయనా మిత్రులూ కలిసి వేసిన రసాయన నామకరణ గ్రంథంతో ఆ పేరు స్థిరపడింది.

తర్వాత ఇంగ్లండులో రసాయనవేత్త హంఫ్రీ డేవీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమేనని, క్లోరిన్ ఒక మూలకమని 1810 ప్రాంతంలో తేల్చాడు. అందులో ఆక్సిజన్ ఊసే లేదు. ఒప్పుకోవడానికి లవోజియే లేడు, 1794లోనే గిలటిన్‌కు బలయ్యాడు. సిద్ధాంతం పోయింది, పేరు మిగిలింది. జర్మన్లు, రష్యన్లు, జపనీయులు కూడా తమ తమ భాషల్లో దాన్ని పులుపు పేరుతోనే పిలుస్తున్నారు. సున్నంలోనూ ఈ వాయువుంది, మరి పులుపేదీ? ఆమ్లాలకు ఆ గుణమిచ్చేది హైడ్రోజనే కాబట్టి, న్యాయంగా ఆ పేరు దానికే దక్కాల్సింది.

హైడ్రోజన్‌కు మనవాళ్ళు పెట్టిన ‘ఉదజని’ నాకు మహా ఇష్టం. నీటిని పుట్టించేదని అర్థం. గ్రీకు ‘హుదోర్’, మన ‘ఉదకం’లోని ‘ఉద’ ఒకే మూలం నుంచి వచ్చాయి. ‘జెన్’, ‘జని’ కూడా అంతే. ఫ్రెంచివాళ్ళు గ్రీకు నుంచి తెచ్చుకున్న రెండు ముక్కలకూ సంస్కృతంలో వేలువిడిచిన చుట్టాలు దొరికారన్నమాట.

నత్రజని దగ్గర అంత అదృష్టం లేదు. 1790లో ఫ్రెంచి రసాయనవేత్త షాప్తాల్ నైటర్‌ను, అంటే సూరేకారాన్ని, బట్టి నైట్రోజన్ అన్నాడు. బెంగాలీలు అర్థం చూసి ‘యవక్షారజాన్’ అన్నారు. మన ‘నత్ర’ మాత్రం నైటర్ శబ్దానికే దగ్గర. అంతకుముందు లవోజియే దానికి ప్రాణం నిలపనిదని ‘అజోత్’ అని పేరు పెట్టాడు. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ అదే అంటారు. అందులోని ‘అ’ మన ‘అజీవం’లోని ‘అ’నే, ‘జో’ మన జీవానికి చుట్టమే. మనవాళ్ళు ఆ దారినే పోయి ఉంటే, కందిపప్పులోని ప్రోటీన్‌లో అజీవం పుష్కలంగా ఉంటుందని పిల్లలకు పాఠం చెప్పాల్సి వచ్చేది!