వాహనపూజ - తైలపరీక్ష

బాచుపల్లిలో క్రొత్త కారు కొన్నవారు పూజకై మా యొద్దకు వచ్చుచుందురు. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టింతుము. ఇంజను నూనె మాటయు అడుగుదుము. నల్లబడినంత మాత్రమున నూనె చెడినట్లు కాదు. వైద్యుడు రక్తమును పరీక్షించినట్లు, రైల్వే డీజిల్ షెడ్లలో ఇంజను నూనెను యంత్రముతో పరీక్షింతురు. అమెరికా రైళ్ళకు 1940లలోనే ఈ పద్ధతి వచ్చినది. నూనెలో ఇనుము హెచ్చినచో సిలిండరో, పిస్టన్ రింగులో అరుగుచున్నవనియు, రాగి, సీసము హెచ్చినచో బేరింగులు అరుగుచున్నవనియు అనుమానింపవలెను. సిలికాన్ హెచ్చుట తరచుగా దుమ్ము చొచ్చుటవలననే. మన వీధులలోని కట్టడముల ధూళి ఎరుగనివారెవరు! ఒక్క పరీక్ష చాలదు. నూనె మార్చిన ప్రతిసారి, ఇంజను వేడిగా నున్నప్పుడే కొంత పట్టి పంపి, వెనుకటి లెక్కతో పోల్చవలెను. నూనెలో కూలెంటు కలిసినదని తేలినచో మాత్రము ముహూర్తము కొరకు మా యొద్దకు రావలదు. బండిని నడపక, నాడే మెకానిక్కును పిలిపింపుడు.