పరిశ్రమ జమాఖర్చులు



సీతమ్మధార యను పేరులోనే నీటి ధార యున్నది. అట్టి పేరుగల యూరి గ్రంథాలయమున పరిశ్రమలను గూర్చి ప్రసంగించునపుడు, ధనముతోపాటు గాలిని, నీటిని గూడ లెక్కలోనికి దెచ్చుట యుచితము.

విశాఖపట్టణమును పెంచినది సాహసమే. ఆటుపోట్ల బురదనేలను త్రవ్వి నిర్మించిన రేవు 1933లో ప్రారంభమైనది. వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ ఓడల కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1948లో ‘జలఉష’ నీట దిగెను. పరపాలనలో నున్నపుడే ఓడలు గట్ట బూనిన ఆ ధైర్యము కొనియాడదగినది. పరిశ్రమ వేలాది కుటుంబములకు అన్నము పెట్టినది. కావున దానిని నిందించుట ధర్మము కాదు.

అయితే పాలకడలిని చిలికినపుడు అమృతముకంటె ముందు హాలాహలము పుట్టెను. నాడు దానిని మ్రింగుటకు శివుడుండెను. నేడు మ్రింగువారెవరు?

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, గోపాలపట్నం సమీపమున వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడెను. స్టైరీన్‌ను చల్లగా నుంచవలెను. గడ్డకట్టకుండ నిరోధక ద్రవ్యము కలుపవలెను. లేనిచో అది తనలో తానే వేడెక్కి ఆవిరియగును. లాక్‌డౌన్ దినములలో నిలువయుండిన ట్యాంకులో జరిగిన దదియే. నిద్రలోనున్న పల్లె ఆ విషమును పీల్చెను. 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. 50 కోట్ల రూపాయలు ముందుగా జమకట్టుమని జాతీయ హరిత ట్రిబ్యునల్ మరునాడే ఆజ్ఞాపించెను. కాని ఆ పద్దు ధనముతో తీరునది కాదు.

ఏ కర్మాగారమైనను జాగ్రత్తకు పెట్టవలసిన ఖర్చును తగ్గించినచో, అది దాని చిట్టాలో లాభముగా గనబడును. పొరుగు పల్లె చిట్టాలో అప్పుగా నెక్కును. రెండు చిట్టాలను ప్రక్కప్రక్కన బెట్టి చూచినగాని నిజమైన లాభము తెలియదు. గాలిని, నీటిని చెడగొట్టని లాభమే నిలుచు లాభము.

ఆ రెండవ చిట్టాను చూడవలసినవారు ప్రజలే. 2006 నాటి కేంద్ర ప్రకటన ననుసరించి, పెద్ద పరిశ్రమల విషయమున సాధారణముగా ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. దానికి 30 దినములు ముందుగా తెలియజేయవలెను. పర్యావరణ నివేదిక సారాంశమును స్థానిక భాషలో అందుబాటున నుంచవలెను. దానిని చదువక సభకు బోయినవాడు చేయి మాత్రమే యెత్తగలడు; చదివి బోయినవాడు ప్రశ్న వేయగలడు. ట్యాంకులో నేమున్నది? చెడునీరు ఎచటికి బోవును? ప్రమాదము వచ్చినచో గంట యెవరు మ్రోగింతురు?

గ్రంథాలయము నేర్పవలసిన చదువులలో ఇదియు నొకటి. ఆ నివేదికలు పురాణ ప్రబంధములతోపాటు ఈ బల్లలపై నుండుగాక! స్వస్తి.