కౌబాయి ఏ నేల మనిషి?



ఏ మాస్టారి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆయన పగలు చరిత్ర పాఠం చెప్పేవారు, రాత్రి రెండో ఆటకు వెళ్లేవారు. ఆ రెండిటికీ పొత్తు కుదరదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ ధైర్యంతోనే నేను బందరు సభలో ‘మోసగాళ్లకు మోసగాడు’ గురించి మాట్లాడుతున్నాను.

1971లో పద్మాలయా సంస్థ తీసిన కౌబాయి చిత్రమిది. రచన ఆరుద్ర, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి, కథానాయకుడు కృష్ణ. గుడివాడ కాలేజీలో చదువుకున్న మన కౌతవరం కైకాల సత్యనారాయణ గారూ ఇందులో ఉన్నారు. ఎడారి కోసం రాజస్థాన్ దాకా వెళ్లారు. తప్పదు మరి, దివిసీమలో గుర్రాన్ని దౌడు తీయిస్తే డెక్కలు రేగడిలో దిగబడతాయి.

ఇంగ్లీషు సినిమాకు నకలని దీన్ని చప్పరించేసినవాళ్లున్నారు. ఆ అసలు ఎక్కడిదో చూద్దాం. ఈ ఫక్కీకి పేరు తెచ్చిన సెర్జియో లియోనే ఇటలీవాడు. 1964లో ఆయన స్పెయిన్ మైదానాల్లో తీసిన చిత్రానికి మూలం కురొసావా ‘యోజింబో’ అనే జపాన్ సినిమా. అమెరికా సరుకని జనం నమ్మాలని లియోనే తన పేరునే బాబ్ రాబర్ట్‌సన్‌గా మార్చి వేయించుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందే పశ్చిమ జర్మనీవారు కార్ల్ మే నిధి వేట నవలను యుగోస్లావియా కొండల్లో చిత్రించారు. ఆ నవల రాసేనాటికి కార్ల్ మే అమెరికా ముఖమే చూడలేదు. ఇలా తవ్వుకుంటూ పోతే అందరిదీ ఎరువు సొమ్మే. తెచ్చుకున్నదాన్ని ఎక్కడ నాటారన్నదే ఇక తేల్చుకోవలసింది.

ఆరుద్ర దాన్ని బొబ్బిలి యుద్ధానంతర కాలంలో నాటారు. అమరవీడు అనే సంస్థానాన్ని కల్పించి, దాని నిధి తెల్లదొరల చేత చిక్కకుండా దాచారని కథ అల్లారు. తుపాకీ, గుర్రం, గుప్తధనం, ఎవరి ఆజ్ఞా చెల్లని దేశం — ఇవన్నీ ఒకచోట ఉన్న కాలం మనకూ ఉందని ఆయన గుర్తించారు. పారశీకుల అభిరుచికి తగిన లతలను మన అద్దకంవాళ్లు ఇక్కడి అచ్చులతో, ఇక్కడి రంగులతో బట్టకెక్కించినట్టే ఇదీను.

ఆ కాలంలో బందరు వాటా తక్కువేం కాదు. 1750 దశకంలో బందరు, దివి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నాయి. 1757 జనవరిలో విజయనగరం రాజుతో కలిసి బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీ ఫ్రెంచి సేనాని. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించి, అక్కణ్ణించి బందరుకోట మీదికి వచ్చాడు. ఈసారి ఇంగ్లీషువారి పక్షాన ఉన్న విజయనగరం రాజు ఫోర్డ్‌కు ఇస్తానన్న సొమ్మును ఆలస్యం చేశాడు. ఫోర్డ్ తెల్ల సోల్జర్లు డబ్బు కోసం ఎదురుతిరిగారు. చివరికి 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి, చుట్టూ ఉన్న ఊబినేలను దాటి కోట పట్టుకున్నారు. బాకీలు, బేరాలు, తిరుగుబాటు, రాత్రి దాడి: లియోనే అయితే ఇంతకన్నా ఏం అడిగి ఉండేవాడు?

విద్యార్థులకు నాదొక్క మనవి. ముందు ఈ ముట్టడి చరిత్ర చదవండి, తర్వాత స్క్రిప్టు రాయండి. చిత్రీకరణకు రాజస్థాన్ వెళ్లనక్కర్లేదు, ఈ కథకు బందరు బురదే కావాలి.