మధ్యలో ఆగిన చదువు, ముందే కట్టిన ఫీజు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





లెక్కల పత్రం మీ చేతుల్లో ఉంది. అందులో "శిక్షణ ఫీజు వాపసు రూ. 45,000" అని ఒక పద్దు, దాని కిందనే "విద్యార్థినికి చెల్లింపు రూ. 45,000" అని ఇంకో పద్దు ఉన్నాయి. ఇవి చూసి ఇప్పటికే నలుగురైదుగురు దాతలు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు. అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదని ఈ పది నిమిషాలు తీసుకుంటున్నాం.

మన ఊరి ఆటో డ్రైవరు కూతురు ఒకమ్మాయి డిగ్రీ పాసైంది. హైదరాబాద్ అమీర్‌పేటలో నాలుగు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తానంటే జకాత్ నిధి నుంచి సాయం మంజూరు చేశాం. విడతలుగా కడితే ఫీజు 66,000, ఒకేసారి కడితే 60,000 అన్నారు. ఆరు వేలు మిగులుతాయి కదా అని సంబరపడి, 18 శాతం జీఎస్టీతో కలిపి 70,800 రూపాయలు ఒక్కరోజే కట్టేశాం.

అమ్మాయి 19 రోజులు క్లాసులకు వెళ్లింది. అంతలో తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇంట్లో పెద్దపిల్ల తనే. తిరిగి వెళ్లే దారి లేదని తేలాక మేము ఆ శిక్షణ సంస్థకు ఫోన్ చేశాం. రసీదు వెనక చూసుకోమన్నారు. తిప్పి చూస్తే, కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదని సన్నటి అక్షరాల్లో ఉంది. కావాలంటే తర్వాతి బ్యాచ్‌లో కూర్చోమనండి, అదే మేము చేయగల సాయం అన్నారు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సంస్థను అడగడం మానేసి అమ్మాయిని అడగడం మొదలుపెట్టాం. ముందే ఆలోచించుకోవద్దా, దాతలకు మేమేం చెప్పాలి అని కమిటీలోనే కొందరం అన్నాం. ఆ మాట వాళ్లింటికి చేరింది. ఒకరోజు ఆమె తల్లి చెవి కమ్మలు కాగితంలో చుట్టి తెచ్చి మా బల్ల మీద పెట్టింది. "మీ జకాత్ పైసలు మా మీద ఉంటే నిద్ర పట్టదు భాయ్‌సాబ్" అంది. కమ్మలు తిరిగి ఇచ్చి పంపాం. ఆ రాత్రి మాకూ సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు తెలిసిన వకీలు దగ్గర కూర్చున్నాం. ఆయన చెప్పిన సంగతులు దాతలందరికీ పనికొస్తాయి, మీ ఇళ్లలోనూ కోచింగ్‌కు వెళ్లే పిల్లలున్నారు. రసీదు మీద అచ్చు వేసినంత మాత్రాన అదే ఆఖరి మాట కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఏకపక్షపు ఒప్పందాలను ప్రశ్నించే వీలు ఇచ్చింది. డబ్బు సొసైటీ కట్టినా సేవ పొందిన అమ్మాయి కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. కేసు వేయడానికి హైదరాబాద్ పోనక్కర్లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే కోర్టు రుసుము లేదు. గడువు రెండేళ్లు. కాలేజీలు, యూనివర్సిటీల మీద ఈ ఫిర్యాదులు నిలుస్తాయా లేదా అన్నది వేరే వివాదం. కోచింగ్ కేంద్రాలను మాత్రం విద్యాసంస్థలుగా పరిగణించలేమని జాతీయ కమిషన్ 2020లో చెప్పింది.

నీట్ వంటి పోటీ పరీక్షల కోచింగ్ విషయంలో ఇంకో ఆధారం ఉంది. మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో ఫీజు తిరిగి ఇవ్వాలని, హాస్టల్, మెస్ డబ్బులకూ అదే వర్తిస్తుందని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన అమ్మాయిది సాఫ్ట్‌వేర్ కోర్సు కాబట్టి మేము చట్టం మీదే నిలబడ్డాం.

ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాం. అమ్మాయి పేరు మీద రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. ఉత్తరంలో కోపం లేదు, లెక్క ఉంది. 120 రోజుల కోర్సు, వెళ్లింది 19 రోజులు, మిగిలింది 101 రోజులు, దానికి 50,500 రూపాయలు. సంస్థ వాదన కూడా పూర్తిగా తప్పని అనలేం. మధ్యలో ఖాళీ అయిన సీటు నిండదు, పుస్తకాలు ఇచ్చేశారు. అందుకే మొత్తం అడగలేదు. చివరికి మెటీరియల్ కింద 5,500 పట్టుకుని 45,000 ఇచ్చారు. పన్ను మాత్రం ప్రభుత్వానికి కట్టేశామన్నారు. క్రెడిట్ నోట్ రాసి దాన్నీ సర్దుకోవచ్చని మా ఆడిటరు తర్వాత చెప్పారు. అప్పటికి మాకు ఓపిక అయిపోయింది!

ఇంకో అబ్బాయిది ఇంతకన్నా చిక్కు. సున్నా వడ్డీ వాయిదాలని చెప్పి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడిగి, ఒక ఫైనాన్స్ కంపెనీలో అతని పేరున అప్పు తీయించారు. కోర్సు మానేసినా వాయిదాలు ఆగలేదు, ఎందుకంటే సంస్థకు ఫైనాన్స్ వాళ్లు డబ్బు ముందే ఇచ్చేశారు. మానేసే రోజునే ఇద్దరికీ ఉత్తరం రాసి ఉండాల్సింది. అతను సంస్థకు మాత్రమే చెప్పాడు, అదీ నోటిమాటగా. ఆలస్య రుసుము, దాని మీద వడ్డీ పడ్డాయి. జకాత్ సొమ్ముతో ఆ వడ్డీ కట్టే ప్రశ్నే లేదు. ఆ వ్యవహారం ఇంకా నడుస్తోంది.

ఇక అసలు ప్రశ్న. తిరిగి వచ్చిన 45,000 నిధిలో కలపకుండా అమ్మాయికి ఎందుకిచ్చారు? కమిటీలో దీని మీద రెండు సమావేశాలు వాదించుకున్నాం. ముఫ్తీ సాహెబ్‌ను అడిగాం. ఫీజు కట్టేటప్పుడు ఆమె చేత సంతకం చేయించుకుని, ఆమె తరఫున వకాలత్ మీద కట్టాం. జకాత్ హక్కుదారు చేతికి చేరిందంటే అది ఆమె సొత్తు, తమ్లీక్ అయిపోయింది, సొసైటీ దాన్ని వెనక్కి తీసుకోలేదని ఆయన చెప్పారు. చదువుకని ఇచ్చాం కదా, ఇంటి ఖర్చుకు పోతే ఎలా అన్న దాతల బాధ మాకు తెలుసు. ఆ డబ్బులో కొంత తండ్రి ఫిజియోథెరపీకి పోయింది నిజమే. మిగిలిన దానితో ఆమె మన ఊళ్లోనే అకౌంట్స్ కోర్సులో చేరింది, నెలనెలా ఫీజు కడుతోంది.

ఈ ఏడాది నుంచి మేము ఏ సంస్థకూ ఒకేసారి కట్టం. ఆరు వేలు ఎక్కువైనా విడతలే. పద్దుల్లో ఆ తేడా కనిపిస్తే ఎందుకని అడగకండి, కారణం ఇదే. చేరే ముందు వాపసు షరతులు కాగితం మీద రాయించి సంతకం తీసుకుంటాం. ఇచ్చిపుచ్చుకోవడాలు రాసుకోమని సూరా బఖరా 282వ ఆయత్ ఎంత వివరంగా చెప్పిందో మీకు తెలియంది కాదు. అయినా మేమే రాయించుకోలేదు. మానేయాల్సి వస్తే అదే రోజు ఇవ్వాల్సిన ఉత్తరం నమూనా కూడా తయారు చేశాం. కాపీలు జుహర్ నమాజు తర్వాత బయట బల్ల మీద ఉంటాయి, మీ ఇంటి పిల్లల కోసం కూడా తీసుకెళ్లండి.